నాటుకోడి పులుసుకి ముక్కలు షాపులో కొట్టించాలా, ఇంట్లో కీళ్ల దగ్గర కోసుకోవాలా?

గుంటూరు_వంటిల్లు: కిలోన్నర పుంజు, ఏడాది పైబడిందే. షాపులో కొట్టించిన ముక్కల్లో ఎముక పలుకులు వస్తున్నాయి, ఇంట్లో చిన్నపిల్లలున్నారు. కాల్పించి, శుభ్రం చేయించి, కోడిని అలాగే తెచ్చి కోద్దామంటే మా అత్తగారు ఒప్పుకోవట్లేదు, పులుసు చప్పబడుతుందట.

కత్తిపీట: ఇంట్లోనే కోయండి. తొడకీ పొట్టకీ మధ్య తోలు చీల్చి కాలిని వీపు వైపుకి విరిస్తే గుండ్రటి ఎముక తల బయటికొస్తుంది. దాని చుట్టూ కత్తి తిప్పితే కాలు ఊడొస్తుంది. తొడనీ కాలునీ విడదీయడానికి ఫారం కోడికైతే లోపలివైపు తెల్లటి కొవ్వు గీత దారి చూపిస్తుంది. నాటుకోడికి కొవ్వు తక్కువ, అందుకని మోకాలు ఆడిస్తూ వేలితో సందు వెతకాలి. కత్తి ఆగిందంటే ఎముక మీద పడ్డట్టే. బలం పెట్టొద్దు, కొంచెం పక్కకి జరపండి. తోక మీది నూనె గ్రంథి తీసేయండి, లేకపోతే కూరంతా నీచు.

మూలుగబొక్క: గట్ల కోసిన పెద్ద ముక్కలు బిర్యానీకి మంచిగుంటయ్. పులుసుకి అత్తగారి మాటే కరెక్ట్. బొక్క తెగితేనే మూలుగ పులుసులకు దిగుతది. పలుకులొచ్చేది కొట్టే తీరుతోని: కత్తి మొద్దుబారినా, ఒక్క బొక్క మీద మూడు దెబ్బలేసినా పగులుతది. బరువు కత్తి, మంచి పదును, ఒక్కటే దెబ్బ. గడ్డకట్టిన కోడినైతే అసలు కొట్టొద్దు.

కత్తిపీట: ఒక్క దెబ్బకి నున్నగా తెగేది ఫారం కోడి ఎముకండీ. ముదురు పుంజు కాలి ఎముక నిలువునా చీలుతుంది, పదునుతో పనిలేదు. రుచి కోసమైతే మెడ, వీపు, రెక్కల చివర్లు ముందు అరగంట ఉడికించి ఆ నీళ్లు పులుసులో పోయండి. తొడలకి ఎముక తగిలేదాకా రెండేసి గాట్లు పెడితే ఉప్పూ కారం పడతాయి.

మూలుగబొక్క: గాట్లు సరే. పదిమంది కూసున్నప్పుడు రెండు తొడలు ఎవరికేస్తరు?

దమ్_బిర్యానీ: మటన్‌కి ఈ కీళ్ల లెక్క పనికిరాదు. నల్లి బొక్కని రంపం మెషీన్ మీద కోయించుకుంటే చీలదు, కానీ కోసిన చోట ఎముక పొడి అంటుకుంటుంది. తడిగుడ్డతో తుడిచాకే మసాలా పట్టించాలి.

గుంటూరు_వంటిల్లు: కత్తిపీట గారూ, వీపుని దేనితో కోయాలి?

కత్తిపీట: పక్కటెముకల వెంబడి గట్టి కత్తెరతో. వెన్నెముకని మాత్రం కత్తెరతో ముట్టుకోవద్దు, పూసల మధ్య ఎక్కడ మెత్తగా తగిలితే అక్కడ కత్తి పెట్టి అరచేత్తో నొక్కండి.