"ఘడియసేపు ధ్యానం": ఇంతకీ ఎంతసేపు?

సందేహి:
ధ్యానం మీద వచ్చే తెలుగు పుస్తకాల్లో, ప్రవచనాల్లో "రోజూ ఓ ఘడియసేపు కళ్లు మూసుకుని కూర్చోండి" అనే మాట తరచూ కనిపిస్తుంది. లెక్కగా చెప్పిన 24 నిమిషాలా, ఉత్త "కాసేపు" అనా? గడియ అనాలా, ఘడియ అనాలా? వాచీ చూడకుండా అంతసేపు గడిచిందని తెలిసేదెలా?
ఇంకొకటి. "ధారణా ద్వాదశాయామా" అని కూర్మపురాణంలో ఒక శ్లోకం ఉంది. దానికి ఒకచోట "ధారణ అంటే పన్నెండు జాములు" అని అర్థం రాశారు. జాము మూడు గంటలు కదా, అంటే 36 గంటలపాటు ఏకాగ్రతా? పెద్దలెవరైనా విప్పి చెప్పండి.

పదమూలం:
చివరిది ముందు తేల్చేద్దాం. అక్కడ జాములు లేవండీ. జాముకు సంస్కృతంలో యామం. ద్వాదశ + యామ అయితే "ద్వాదశయామా" అని శ పొట్టిగా ఉండాలి. శ్లోకంలో "శా" దీర్ఘం ఉంది, కాబట్టి అది ద్వాదశ + ఆయామా, సవర్ణదీర్ఘం. ఆయామం అంటే ఇక్కడ ప్రాణాయామం. పూర్తి శ్లోకం ఇదీ:

ధారణా ద్వాదశాయామా ధ్యానం ద్వాదశ ధారణాః
ధ్యానం ద్వాదశకం యావత్ సమాధిరభిధీయతే

పన్నెండు ప్రాణాయామాల సేపు మనసు ఒకచోట నిలిస్తే ధారణ, అలాంటివి పన్నెండు ధ్యానం, ధ్యానాలు పన్నెండు సమాధి. ఒక్క దీర్ఘం చూసుకోకపోతే ఎంత పని జరిగిందో చూడండి.

గడియ, ఘడియ: ఘటిక ప్రాకృతంలో ఘడియా అయి, మనకు తద్భవంగా గడియ అయింది. తద్భవంలో ఒత్తు పోవడమే మామూలు. ఘడియ అనేది సగం సంస్కృతం వైపు లాగిన రూపం, పంచాంగాల్లో స్థిరపడిపోయింది. రెండూ రాయవచ్చు, కానీ ఒక వ్యాసంలో ఏదో ఒకటే రాయండి. తలుపు గడియతో తికమక పడకుండా ఘడియ అని రాసేవాళ్లతో నాకు పేచీ లేదు.

లెక్క: పగలు, రాత్రి కలిసి 60 ఘడియలు, కనుక ఘడియ 24 నిమిషాలు. అందులో 60వ వంతు విఘడియ, 24 సెకన్లు. రెండున్నర ఘడియలు గంట. రెండు ఘడియలు ముహూర్తం, 48 నిమిషాలు. ఏడున్నర ఘడియలు జాము. బ్రాహ్మీముహూర్తం సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలై 48 నిమిషాల ముందు ముగుస్తుంది. అంటే ఆ వేళ మొత్తం కూర్చున్నా రెండు ఘడియలే. "ఓ ఘడియసేపు" అని ప్రవచనంలో అన్నవారు కాసేపు అనే ఉద్దేశంతోనే అని ఉండవచ్చు. సాధనకు మాత్రం 24 నిమిషాలు చక్కని కొలత, కాబట్టి లెక్కగానే తీసుకోండి.

గురులఘు:
వాచీ లేకుండా కొలవడం అంటే మన ఛందస్సు వాళ్ల ఇలాకా. ఆర్యభటీయం కాలక్రియాపాదంలో సూత్రం ఉంది: 60 గుర్వక్షరాలు ఒక వినాడి, అదే 6 ప్రాణాలు. వినాడి అంటే మన విఘడియే. ప్రాణం అంటే ఒక ఉచ్ఛ్వాస నిశ్వాసల జత, 4 సెకన్లు. ఆ లెక్కన గురువు 0.4 సెకను, లఘువు 0.2 సెకను. లఘువు పలికేంతసేపు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు. (అక్కడ చెప్పింది నక్షత్రమానం, అంటే నక్షత్రాలను బట్టి లెక్కించే రోజు. సౌరమానంతో తేడా ఘడియకు 4 సెకన్లు, మనకు అక్కర్లేదు.)

ఇప్పుడు పద్యాలకు రండి. శార్దూలం మ-స-జ-స-త-త-గ: 6+4+4+4+5+5+2, పాదానికి 30 మాత్రలు. నాలుగు పాదాలకు 120 మాత్రలు, అంటే సరిగ్గా 60 గురువులంత కాలం. ఒక శార్దూలం ఒక విఘడియ! మత్తేభం కూడా అంతే, మొదటి గురువును రెండు లఘువులుగా విడగొట్టిన శార్దూలమే కదా అది. ఉత్పలమాల, చంపకమాల పాదానికి 28 మాత్రలు, పద్యానికి 112. కందం 16 గణాలు, గణానికి నాలుగేసి మాత్రలు, మొత్తం 64.

ఈ 64, 112 ఎక్కడో విన్నట్టు లేదూ? యోగతత్త్వోపనిషత్తు ప్రాణాయామానికి మాత్రల్లో చెప్పిన కొలత పూరకం (పీల్చడం) 16, కుంభకం (బిగబట్టడం) 64, రేచకం (వదలడం) 32. కూడితే 112. అంటే ఒక ప్రాణాయామం ఒక ఉత్పలమాల, అందులో ఊపిరి బిగబట్టే భాగం ఒక కందం. ఎవరూ కావాలని పెట్టింది కాదు, సంఖ్యలు అలా కలిశాయి అంతే. కానీ గుర్తు పెట్టుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి?

కాలం కొలవడానికే కట్టిన శ్లోకం కూడా ఉంది:

మా కాంతే పక్షస్యాంతే పర్యాకాశే దేశే స్వాప్సీః
కాంతం వక్త్రం వృత్తం పూర్ణం చంద్రం మత్వా రాత్రౌ చేత్…

పాదానికి 15 అక్షరాలు, అన్నీ గురువులే. నాలుగు పాదాలు 60 గురువులు. 60 సార్లు చదివితే ఘడియ. భావం కూడా భలే ఉంటుంది: "ప్రియా, పక్షం చివర ఆరుబయట పడుకోకు, నీ ముఖం పూర్ణచంద్రుడనుకుని రాహువు మింగేయగలడు."

సందేహి:
అద్భుతం. కానీ ఆ శ్లోకం 60 సార్లు చదువుతూ కూర్చుంటే ధ్యానం ఎప్పుడు?

గురులఘు:
ధ్యానంలో చదవమనడం లేదు. పద్యం మన వేగం తెలుసుకునే తూనికరాయి. వాచీ ఎదురుగా పెట్టుకుని, రాగం తీయకుండా, ఐదు శార్దూలాలు వరసగా చదవండి. 2 నిమిషాలు పట్టాలి. 2 నిమిషాల 10 సెకన్లు పడితే మీరు నూటికి 8 వంతులు నెమ్మది. అందరూ తప్పేది పాదం చివర. అక్కడ ఊపిరి తీసుకోవడానికి సెకను చొప్పున ఆగితే పద్యానికి మూడు నాలుగు సెకన్లు కలుస్తాయి. రాగం ఎత్తుకున్నారా, లెక్క రెట్టింపు దాటుతుంది.

తర్వాత మీ జపమంత్రాన్ని అదే త్రాసులో వేయండి. ఓం నమో నారాయణాయ: 2+1+2+2+2+1+2+1, 13 మాత్రలు, 2.6 సెకన్లు. 108 పూసల మాల ఒకటి 4 నిమిషాల 41 సెకన్లు. ఐదు మాలలు 23 నిమిషాల 24 సెకన్లు, ఘడియకు ఒకటిన్నర విఘడియ తక్కువ. ఓం నమః శివాయ 9 మాత్రలే, మాల 3 నిమిషాల 14 సెకన్లు, ఏడున్నర మాలలకు ఘడియ దాటుతుంది. అందరి నాలుక ఒకేలా తిరగదు కాబట్టి ఒక మాల వాచీతో సరిచూసుకుని మీ అంకె మీరు వేసుకోండి. చాలామంది మొదటి మాల తీరుబడిగా, నాలుగోది పరుగున తిప్పుతారు, అందుకని సరిచూసేది మూడో మాలను.

పదమూలం:
గురులఘు గారూ, మాత్ర అనగానే ఛందస్సు మాత్రే అనుకోవడంలోనే చిక్కు. మీరు చెప్పిన యోగతత్త్వోపనిషత్తే మాత్రను వేరుగా నిర్వచించింది: "జాను ప్రదక్షిణీకృత్య న ద్రుతం న విలంబితమ్, అంగుళిస్ఫోటనం కుర్యాత్ సా మాత్రా పరిగీయతే." మోకాలి చుట్టూ చెయ్యి తిప్పి, తొందర లేకుండా, జాగు లేకుండా ఒక చిటికె వేసేంతసేపు. చేసి చూడండి, దాదాపు ఒక సెకను. అంటే మీ లఘువుకు ఐదింతలు. మీ మాత్రతో కుంభకం 12.8 సెకన్లు, ఈ మాత్రతో 64 సెకన్లు. కొత్తవాళ్లు రెండోది పట్టుకుంటే కళ్లు బైర్లు కమ్ముతాయి. రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు అసలు కుంభకం జోలికే పోకూడదు.

ఇప్పుడు సందేహి గారి శ్లోకానికి ఈ లెక్క వేయండి. ప్రాణాయామం 12 మాత్రలది అనుకుందాం. మాత్ర సెకను అయితే ధారణ 144 సెకన్లు, ధ్యానం 28 నిమిషాల 48 సెకన్లు, సమాధి ఐదు గంటల 45 నిమిషాల పైచిలుకు. లఘువే మాత్ర అయితే ధారణ 29 సెకన్లు, ధ్యానం 5 నిమిషాల 46 సెకన్లు, సమాధి 69 నిమిషాలు. వివేకానందులు రాజయోగంలో చెప్పిన లెక్క ఇంకొకటి: మనసు ఒక కేంద్రం మీద 12 సెకన్లు నిలిస్తే ధారణ, అవి 12 ధ్యానం (2 నిమిషాల 24 సెకన్లు), అవి 12 సమాధి (28 నిమిషాల 48 సెకన్లు). ఒక లెక్కలో ధ్యానం అయిన 28 నిమిషాల 48 సెకన్లు ఇంకో లెక్కలో సమాధి. మాట ఒకటే, మెట్టు మారింది. "మాత్ర ఏ మాత్రం?" అని అడగకుండా ఈ పుస్తకాల అంకెలు ఒకదాని పక్కన ఒకటి పెట్టకూడదు.

తాంబాళం:
ఘటిక అంటే చిన్న కుండ. పేరు అక్కడిదే. సూర్యసిద్ధాంతం 13వ అధ్యాయంలో పనిముట్టు ఇదీ: "తామ్రపాత్రమధశ్ఛిద్రం న్యస్తం కుండేऽమలాంభసి, షష్టిర్మజ్జత్యహోరాత్రే స్ఫుటం యంత్రం కపాలకమ్." అడుగున చిల్లి ఉన్న రాగి గిన్నెను నీళ్లకుండలో వదిలితే పగలూ రేయీ కలిపి 60 సార్లు మునుగుతుంది.

"అమలాంభసి", మలినం లేని నీటిలో, అన్నది ఛందస్సు పూరించడానికి వేసిన విశేషణం కాదు. నలక అడ్డుపడితే ఘడియ సాగుతుంది. ఉప్పునీటి బోరు నీళ్లు వాడితే చిల్లి అంచున తెల్లటి పెచ్చు కట్టి రోజురోజుకీ ఆలస్యం అవుతుంది. చన్నీళ్లు చిక్కన కాబట్టి చలికాలం తెల్లవారుజామున ఇంకొంచెం నెమ్మది.

ఇంట్లో చేసుకోవాలంటే పల్చటి లోహపు గిన్నెకు అడుగున సరిగ్గా మధ్యలో సన్న సూదితో చిల్లి పెట్టండి. బకెట్ నీళ్లలో వదిలి చూడండి. 24 నిమిషాలు దాటుతుంటే చిల్లి కొంచెం పెంచండి. పెంచడం తేలిక, తగ్గించడం కుదరదు. ఒకటి రెండు నిమిషాల తేడా అయితే చిల్లిని ముట్టుకోకుండా గిన్నెలో నాణెం వేయండి, బరువు పెరిగితే త్వరగా మునుగుతుంది. నాణెం మధ్యలో ఉండాలి, ఓరగా ఉంటే గిన్నె పక్కకు ఒరిగి ముందే మునిగిపోతుంది. బుడుంగుమన్న చిన్న చప్పుడుతో ఘడియ అయిందని చెబుతుంది. ఫోన్ అలారం కన్నా వెయ్యిరెట్లు మర్యాదస్తురాలు.

అగరొత్తిని నమ్ముకునేవాళ్లకు: ఒక పెట్టెలోది ఒకటి వెలిగించి 24 నిమిషాలకు ఎంతవరకు కాలిందో గీత పెట్టుకోండి, మిగతావి అంతవరకు తుంచుకోండి. ఫ్యాన్ వేస్తే తొందరగా కాలుతుంది, వానాకాలం చెమ్మకి నెమ్మది. అయితే ఒత్తి ఆరిపోవడం చప్పుడు చేయదు, చూడాలంటే కళ్లు తెరవాల్సిందే.

సందేహి:
ఏదీ లేకుండా ఊపిరి లెక్కపెట్టుకోవచ్చా? రోజుకు 21,600 శ్వాసలని, అదే అజపాజపం (ఊపిరితోపాటు దానంతటదే సాగే జపం), హంస మంత్రం అని చెబుతారు కదా.

గురులఘు:
21,600 అంటే నిమిషానికి 15, ఘడియకు 360. పైన చెప్పిన 4 సెకన్ల ప్రాణమే. కానీ కూర్చున్న కాసేపటికి ఊపిరి నెమ్మదిస్తుంది. నిమిషానికి పదికి దిగితే 360 శ్వాసలకు 36 నిమిషాలు పడుతుంది. అందుకని వేగం ముందు కట్టాలి: 4 సెకన్లు లోపలికి, 6 సెకన్లు బయటికి, శ్వాస 10 సెకన్లు. అలాంటివి 144 అయితే సరిగ్గా ఘడియ. బొటనవేలు పోగా నాలుగు వేళ్లకు కణుపులు 12. కుడిచేత్తో శ్వాసలు, ఎడమచేత్తో పన్నెండులు. 12 పన్నెండ్లు 144. జపానికి వాడే కరమాల వేరు, అది ఉంగరపువేలు నడిమి కణుపు దగ్గర మొదలై చూపుడువేలు మొదటి కణుపు దగ్గర ముగిసే 10, నడిమివేలి రెండు కణుపులు మేరువుగా వదిలేస్తారు. రెండూ కలిపేస్తే లెక్క తప్పుతుంది. లెక్క తప్పితే ఊహించి అందుకోకండి, ఆ పన్నెండును మళ్లీ ఒకటి నుంచి పట్టండి.

పదమూలం:
ఫోన్ వాడేవాళ్లు 24 కాదు, 25 పెట్టుకోండి, సర్దుకోవడానికి నిమిషం పోతుంది. చెయ్యి అందని దూరంలో, వెనకవైపు ఉంచండి. అన్నట్టు విపశ్యన శిబిరాల్లో కదలకుండా కూర్చునే అధిష్ఠానం గంటసేపు, కూర్చోవడానికి పిలిచేదీ గంటే. మోగే గంటే కాలం పేరు అయిందని రోజూ గుర్తుచేసేది అక్కడే.

సందేహి:
సరే, మొదటి వారం క్షణం చొప్పున కూర్చుంటాను :)

పదమూలం:
క్షణం అని తేలిగ్గా అనకండి. అమరకోశం లెక్కలో 12 క్షణాలు ముహూర్తం, అంటే క్షణం 4 నిమిషాలు, ఆరు క్షణాలు ఘడియ. ఇక పాత పుస్తకాల్లో నిమిషం అంటే రెప్పపాటు, గంటలో అరవయ్యో వంతు కాదు. అందుకే రెప్ప వేయని దేవతలు అనిమిషులు. "నిమిషమాత్రం ధ్యానించినా చాలు" అన్న వాక్యం పాత పద్యంలో కనిపిస్తే టైమర్‌లో 1 అని పెట్టకండి.