పదివేల కిలోమీటర్ల గీత: లిమిటెడ్ ఎడిషన్ ఓపెన్ టాప్ కారును తిప్పాలా, దాచాలా?

గండిపేట గాలి (ఆదివారం, రాత్రి 9:40)

నమస్తే. ఒక నిర్ణయం దగ్గర ఆగిపోయి రాస్తున్నాను. ఇక్కడ కార్లు నడిపేవాళ్ళు, బాగుచేసేవాళ్ళు, కార్ల మీద ఇంత ఖర్చెందుకని అడిగేవాళ్ళు కూడా ఉన్నారు. అందరి మాటా కావాలి.

నా దగ్గర పోర్షే 718 బాక్స్‌స్టర్ 25 ఇయర్స్ ఎడిషన్ ఉంది. 1993లో డెట్రాయిట్ షోలో పెట్టిన బాక్స్‌స్టర్ నమూనా కారును గుర్తుచేస్తూ 2021లో తెచ్చారు. ప్రపంచం మొత్తానికి 1,250 కార్లే. వెండి రంగు బాడీ, ముదురు ఎరుపు గుడ్డ రూఫ్, రాగి మెరుపున్న చక్రాలు. సీట్ల వెనకే నాలుగు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్, టర్బో లేదు, 400 హార్స్‌పవర్. మాన్యువల్ గేర్లు. రెండేళ్ళ కిందట మొదటి ఓనర్ దగ్గర కొన్నాను. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో దాచుకున్న డబ్బు అది. అప్పు చేయలేదు.

ఇప్పుడు మీటరు మీద 9,412 కిలోమీటర్లు. బెంగళూరు నుంచి ఒకాయన కొంటానంటున్నారు. మంచి ధరే చెప్పారు. షరతు ఒక్కటే, మీటరు పదివేలు దాటకూడదు. దాటితే ఎనిమిది లక్షలు తగ్గిస్తారట. ఏడాదైనా ఆగుతానన్నారు. మా బావగారేమో "ఇప్పుడే అమ్మకు, కవరు కప్పి పెట్టు, రెండేళ్ళాగితే ఇంకా పెరుగుతుంది" అంటున్నారు. మూడు వారాలుగా కారు తీయలేదు. తీద్దామని సెల్లార్‌లోకి వెళ్ళి, కూర్చుని, మీటరు చూసి, పైకి వచ్చేశాను. ఇలా నాకు ఎప్పుడూ కాలేదు.

నేను దాన్ని వాడే తీరు ఇది. ఆదివారం తెల్లవారుజామున ఐదున్నరకు హైదరాబాద్ నార్సింగిలో బయల్దేరి మొయినాబాద్, చేవెళ్ళ మీదుగా అనంతగిరి గుట్టలకు. రూఫ్ తెరిచి. మర్రిచెట్ల కిందికి రాగానే గాలి చల్లబడుతుంది. రూఫ్ ఉన్న కారులో ఆ తేడా తెలియనే తెలియదు. కట్టెల పొయ్యి పొగ, తడిసిన పొలం, పశువుల కొట్టం, దేని వాసన దానిది. ఎండ ఎక్కకముందే ఇంటికి వచ్చేస్తాను. ఆఫీసుకు ఒక్కసారి కూడా తీసుకెళ్ళలేదు.

నా మనసు తిప్పమనే చెబుతోంది. కానీ అది ఇంటి డబ్బు. అమ్మాయి చదువు ఉంది. నా స్థానంలో మీరుంటే ఏం చేస్తారు?

లెక్కల మనిషి (ఆదివారం, రాత్రి 10:25)

అమ్మేయండి, పదివేలు దాటకముందే. మీకింకా 588 కిలోమీటర్లు మిగిలాయి. అనంతగిరికి నాలుగు సార్లు పోయి రావచ్చు. ఆ తర్వాతి కిలోమీటరు ఒక్కదాని ఖరీదు ఎనిమిది లక్షలు. ఏ దారైనా అంత విలువ చేస్తుందా?

మీ బావగారి మాట మాత్రం వినకండి. ఈ ఎడిషన్‌లో ఇంజిన్ మామూలు బాక్స్‌స్టర్ జీటీఎస్ 4.0 మోడల్‌లో ఉన్నదే. తేడా రంగుల్లో, తోలులో, చక్రాల్లో ఉంది. 1,250 అనేది కూడా మరీ చిన్న సంఖ్య కాదు. టర్బో లేని ఆరు సిలిండర్లు, మాన్యువల్ గేర్లు, తెరుచుకునే రూఫ్ ఒకేచోట దొరికే కార్లు తగ్గిపోతున్న మాట నిజమే. పెట్రోల్ 718లో చాలా మోడళ్ళను సైబర్ భద్రత నిబంధనల వల్ల యూరప్‌లో 2024లోనే అమ్మడం ఆపేశారు. అయినా మన దేశంలో ఇలాంటి కారు కొనేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. ఇంటికొచ్చిన ఒకాయనను వదులుకుని, ఇంకొకరు వస్తారని కూర్చోవడం రిస్కు.

ఇంకోటి. ఇన్సూరెన్స్ వాళ్ళు మీ కారు అరుదైనదని చూడరు. వాళ్ళు లెక్కగట్టే విలువ ఏటా తగ్గుతూనే పోతుంది. 2020 అక్టోబర్ వానలకు ఈ నగరంలో ఎన్ని సెల్లార్లు మునిగాయో గుర్తుందా? మీ కారు అలా మునిగితే, బెంగళూరాయన చెప్పిన ధర మీకెవరూ ఇవ్వరు.

మలక్‌పేట గ్యారేజీ (ఆదివారం, రాత్రి 11:50)

ఇరవై ఏడేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను సార్. అమ్మాలా వద్దా అన్నది మీ ఇంటి విషయం. కానీ నిలబెడితే బండి భద్రంగా ఉంటుందని ఎవరైనా అంటే ఊరుకోలేను. మూడు వారాలు తీయలేదన్నారు చూడండి, నాకు అక్కడే టెన్షన్ మొదలైంది.

ఆగి ఉన్నా అలారం, లాకులు, లోపలి కంప్యూటర్లు బ్యాటరీని తాగుతూనే ఉంటాయి. ఈ బండిలో బ్యాటరీ ముందు డిక్కీలో ఉంటుంది. బ్యాటరీ పూర్తిగా పడుకుంటే ఆ డిక్కీయే తెరుచుకోదు. ఫ్యూజుల పెట్టె దగ్గర బయటి నుంచి కరెంటు ఇచ్చి తెరవాల్సి వస్తుంది. పక్కన ప్లగ్ పాయింట్ ఉంటే నెమ్మదిగా చార్జ్ చేసే మెయింటెయినర్ పెట్టుకోండి. మన పెట్రోల్‌లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ ఉంటోంది, అది తేమను లాగుతుంది. అందుకే సగం ట్యాంకుతో నెలల తరబడి ఉంచకూడదు. టైర్లు ఒకే చోట నిలబడి అక్కడ చదును పడతాయి. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి చూడండి, మొదటి రెండూ తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం. కారుతో వచ్చిన టైర్లే ఇంకా ఉంటే గాడి ఎంత మిగిలినా మార్చేయండి. రబ్బరు గట్టిపడితే తడి రోడ్డు మీద పట్టు ఉండదు.

అన్నిటికంటే ముఖ్యం రూఫ్ నీళ్ళు. వాన నీళ్ళు వెనక రెండు పక్కలా ఉన్న రంధ్రాల్లోంచి గొట్టాల గుండా కిందికి పోవాలి. వేపాకులు, దుమ్ము చేరి అవి మూసుకుపోతే నీళ్ళు లోపలికొస్తాయి. పాత బాక్స్‌స్టర్లలో సీటు కింది ఎలక్ట్రానిక్ బాక్సు తడిసి బండి స్టార్ట్ కాకపోవడం మా పనివాళ్ళందరికీ తెలిసిన జబ్బు.

ఒక కస్టమర్ ఓపెన్ టాప్ బండి పదకొండు నెలలు కవరు కిందే ఉండి మా దగ్గరికొచ్చింది. అదీ ధర పెరుగుతుందనే పెట్టారు. రూఫ్ మడత విప్పితే ఎలుకలు గూడు కట్టుకుని ఉన్నాయి. గుడ్డ కొరికేశాయి, మోటారు వైర్లు కొరికేశాయి. ప్లాస్టిక్ కవరు కింద తేమ నిలిచి సీట్లకు బూజు పట్టింది. ఆ రోజు ఆయన ముఖం నేనింకా మరిచిపోలేదు. పది రోజులకోసారి తీయండి. ఇంజిన్ ఆయిల్ బాగా వేడెక్కేదాకా, అంటే కనీసం అరగంట నడపండి. నిలబెట్టి స్టార్ట్ చేసి ఆపేస్తే లాభం కంటే నష్టమే ఎక్కువ.

పిల్లర్ నంబర్ పక్కన (సోమవారం, ఉదయం 7:15)

నేను మెహదీపట్నం నుంచి రోజూ బస్సులో పోతాను. మీ కారు మీద నాకు కోపం లేదు, కష్టపడి కొన్నారు. కానీ తిప్పండి తిప్పండి అని రాసేవాళ్ళు ఒక సంగతి ఆలోచించాలి. అర్ధరాత్రి కేబుల్ బ్రిడ్జి వైపు, జూబ్లీహిల్స్ వైపు ఈ కార్ల మోత విని ముసలివాళ్ళు ఉలిక్కిపడి లేస్తున్నారు. మీరు ఐదున్నరకు బయల్దేరతానన్నారు. ఆ వేళకు మీ అపార్ట్‌మెంట్‌లో నిద్రపోయే పసిపిల్లలు ఉండరా?

మాది మొయినాబాద్ అవతల పల్లె. ఆ దారిలో పొద్దున్నే పాల క్యాన్లతో బళ్ళొస్తాయి, కూరగాయల ఆటోలొస్తాయి, రోడ్డు పక్కన నడిచేవాళ్ళుంటారు. రోడ్డు ఖాళీగా కనిపిస్తే చాలు, కొందరు రేసు పెట్టుకుంటారు. ఎవరో వచ్చి వాసనలు బాగున్నాయని మెచ్చుకుంటే సంతోషమే. వేగం సంగతి మాత్రం మీరు రాయలేదు.

గండిపేట గాలి (సోమవారం, మధ్యాహ్నం 1:30)

న్యాయమైన ప్రశ్న అన్నా. చల్లటి ఇంజిన్ స్టార్ట్ అయినప్పుడు ఈ కారు గట్టిగానే అరుస్తుంది. అందుకే గేటు దాటేదాకా యాక్సిలరేటర్ మీద కాలు పెట్టను, సైలెన్సర్ మోత పెంచే బటన్ నొక్కను. అయినా కింది అంతస్తు వాళ్ళను ఎప్పుడూ అడగలేదు. ఈ రాత్రికి అడుగుతాను. మర్రిచెట్ల దారిలో అరవై దాటను. నిజం చెప్పాలంటే, ఆ వేగంలోనే ఈ కారు నాకు ఎక్కువ ఇష్టం.

గ్యారేజీ అన్నగారూ, టైర్లు చూశాను. 2021వే.

చౌమహల్లా పక్క గల్లీ (సోమవారం, సాయంత్రం 6:05)

దాచడం అనగానే పిసినారితనం అనుకోకండి. మా ఇంటికి నాలుగడుగుల దూరంలో, చౌమహల్లా ప్యాలెస్‌లో ఒక కారు ఉంది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చిన రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్. అది చేతికి రాకముందే 1911లో ఆయన చనిపోయారు. ఏడో నిజాం దాన్ని వేడుకలకే బయటికి తీశారు. అన్నేళ్ళలో అది తిరిగింది కొన్ని వందల మైళ్ళేనని చెబుతారు. అలా ఉంచారు కాబట్టే ఈరోజు మా పిల్లలు టికెట్ కొని వెళ్ళి ఆ పసుపు రంగు కారు ముందు నిలబడి చూస్తున్నారు. నడిపి అరగదీసి ఉంటే మాకేం మిగిలేది? 1,250 కార్లలో కొన్నైనా కొత్తవాటిలా మిగలాలి కదా. యాభై ఏళ్ళ తర్వాత పుట్టే పిల్లాడు చూడొద్దా?

లెక్కల మనిషి (సోమవారం, సాయంత్రం 6:40)

మీ మాటలో బలం ఉంది. కానీ ఆ కారు ప్యాలెస్‌లో నలుగురి ముందు ఉంది. ఈయనది సెల్లార్‌లో కవరు కింద ఉంటుంది. బెంగళూరాయన దగ్గరికి పోయినా అంతే, గోడ మారుతుంది, కవరు మారుతుంది. ఎవరూ చూడనప్పుడు దాచినందువల్ల ఎవరికి లాభం? నాకు కనిపించేది డబ్బు లాభం ఒక్కటే, దాన్ని అలాగే ఒప్పుకుంటున్నాను.

సైనిక్‌పురి స్టీరింగ్ (సోమవారం, రాత్రి 9:10)

నాది పన్నెండేళ్ళ పాత కన్వర్టబుల్, లిమిటెడ్ ఎడిషన్ కాదు. మీటరు లక్ష దాటింది. ఆడవాళ్ళు ఈ నగరంలో రూఫ్ తెరిచి నడిపితే ఏమవుతుందో కూడా ఈ చర్చలో ఉండాలి. సిగ్నల్ దగ్గర ఆగితే రెండు పక్కలా ఫోన్లు లేస్తాయి. ఒకసారి ఒక బైకు నన్ను తార్నాక నుంచి ఉప్పల్ దాకా వదల్లేదు. అప్పటి నుంచి ఊళ్ళో రూఫ్ వేసే ఉంచుతాను, ఔటర్ రింగ్ రోడ్డు దాటాకే తీస్తాను. 50 కిలోమీటర్ల లోపు వేగంలో నడుస్తుండగానే తీసే వీలున్న కార్లు మంచివి, నిర్మానుష్యమైన చోట ఆగే పని ఉండదు. ఔటర్ మీద బైకులు రావు కాబట్టి అక్కడ హాయిగా ఉంటుందని అనుకుంటారు. కానీ 100 దాటాక తల మీద గాలి హోరు తప్ప ఇంకేమీ వినపడదు. సన్‌స్క్రీన్ రాసుకున్నా మార్చి నుంచి జూన్ దాకా తొమ్మిది తర్వాత రూఫ్ తీయడం అనవసరం. డిసెంబర్‌లో, తెల్లవారుజామున, కాళ్ళకు హీటర్ పెట్టుకుని, పైన చల్లగాలి తగులుతుంటే, ఆ ఒక్క గంట కోసమే నేనీ కారు ఇన్నేళ్ళు ఉంచుకున్నాను.

మీ పోస్టులో నాకు బాధ అనిపించింది ఒక్క చోటే. కూర్చుని, మీటరు చూసి, పైకి వచ్చేశానన్నారు. పదివేలన్న గీత గీసింది ఆ కొనే ఆయన. కారు ఇంకా మీ పేరు మీదే ఉంది. కానీ నడిపేది మాత్రం ఆయన చెప్పిన లెక్క ప్రకారం. అమ్మితే ఈ వారమే అమ్మండి, లేకపోతే ఆ సంఖ్యను మరిచిపోండి. మధ్యలో ఉన్నారు చూడండి, అదే అన్నిటికంటే నష్టం.

పిల్లర్ నంబర్ పక్కన (మంగళవారం, ఉదయం 7:20)

రాత్రి మళ్ళీ అన్నీ చదివాను. అందరూ కారు ఎంతకాలం మిగులుతుందనే మాట్లాడుతున్నారు. ఆ దారి సంగతో? మొయినాబాద్ నుంచి చేవెళ్ళ వైపు మర్రిచెట్లు దాదాపు తొమ్మిది వందలుంటాయని లెక్క. రోడ్డు వెడల్పు కోసం వాటి గురించి ఏళ్ళ తరబడి గొడవ నడిచింది. కొన్ని ఉంటాయి, కొన్నిటిని వేరే చోట నాటుతారు, కొన్ని పోతాయి. మా తాత నడిచి బడికి పోయింది వాటి నీడలోనే. మీ కారు కవరు కింద పదేళ్ళు ఉంటుంది సార్. పదేళ్ళ తర్వాత తీస్తే ఆ నీడ అక్కడ ఉంటుందని నేను చెప్పలేను. వెళ్ళేదైతే ఈ సంవత్సరమే వెళ్ళండి. మెల్లగా.

గండిపేట గాలి (బుధవారం, రాత్రి 10:15)

అందరికీ నమస్కారం. మంగళవారం పొద్దున వచ్చిన ఆ పోస్టు మా ఆవిడకు చదివి వినిపించాను. తర్వాత చాలాసేపు మాట్లాడుకున్నాం.

అమ్మాయి చదువుకు వేరే పొదుపు ఉందని తనే గుర్తుచేసింది. ఎనిమిది లక్షలు మాకు చిన్న మొత్తం కాదు, పోతే బాధే. ఆ బాధ ఇద్దరం ఒప్పుకున్నాకే నిర్ణయం తీసుకున్నాం. బెంగళూరాయనకు ఫోన్ చేసి, ఈ షరతుతో అమ్మలేనని చెప్పాను. ఎప్పుడైనా అమ్మితే ముందు మీకే చెబుతాను, ధర అప్పుడు చూద్దాం అన్నాను. ఆయన మర్యాదగానే మాట్లాడారు. బావగారికి ఇంకా చెప్పలేదు.

మొదటి పోస్టులో రాయని సంగతి ఒకటుంది. పోయిన చలికాలం మా అమ్మను ఆ దారిలో తీసుకెళ్ళాను. డెబ్బై ఒకటేళ్ళు. కారు కిందికి ఉంటుంది కాబట్టి ఎక్కడానికే కష్టపడింది. తలకు కొంగు కట్టుకుని, చేవెళ్ళ దాకా ఒక్క మాటా మాట్లాడలేదు. భయపడుతోందేమో అనుకుని రూఫ్ వేయనా అని అడిగాను. "వద్దురా, ఎడ్లబండి మీద జాతరకు పోయినట్టుంది" అంది. దారి పక్కన తంగేడు పూసి ఉంటే ఆపమని, ఒక కొమ్మ తెంపి ఒళ్ళో పెట్టుకుంది. ఆమె మళ్ళీ ఎప్పుడు తీసుకెళ్తావని అడిగి ఇప్పటికి నెల అయింది.

ముందు అమ్మతో అనంతగిరి. వచ్చే నెల శ్రీశైలం, పోను రాను 430 కిలోమీటర్ల దాకా అవుతుంది. మన్ననూరు దగ్గర అడవి గేటు పొద్దున ఆరింటికి తీస్తారు కాబట్టి మేం చేరేసరికి తెరిచే ఉంటుంది. అడవిలో సైలెన్సర్ మోత, హారన్ ఉండవు. కింది అంతస్తు వాళ్ళను కూడా అడిగాను. చిన్న బాబు ఉన్నాడు, ఆరు తర్వాతైతే ఇబ్బంది లేదన్నారు. ఇకపై ఆరున్నరకే తీస్తాను.

గ్యారేజీ అన్నగారూ, టైర్లు ఆర్డర్ ఇచ్చాను, శనివారం వస్తాయట. ఆ నీళ్ళ గొట్టాలు మీరు చూడగలరా?

మలక్‌పేట గ్యారేజీ (బుధవారం, రాత్రి 11:30)

రేపు సాయంత్రం ఐదింటికి తీసుకురండి సార్. గొట్టాల్లోకి గట్టి గాలి కొట్టకూడదు, లోపలి జాయింట్లు ఊడిపోతాయి. మెత్తటి నైలాన్ తీగతో తీస్తాను, ఇద్దరం కలిసి నీళ్ళు పోసి చూద్దాం. కొత్త టైర్లు మొదటి వంద రెండు వందల కిలోమీటర్లు పట్టు తక్కువగా ఉంటాయి, అమ్మగారు పక్కన ఉంటారు కాబట్టి మలుపుల్లో నెమ్మది. ఎక్కడానికి ఇబ్బంది అన్నారు, ఒక చిన్న పీట డిక్కీలో పెట్టుకోండి.