మనదేశంలో తయారైన విమానాల జాబితా: ఇంట్లో కట్టినవీ ఫ్యాక్టరీవీ ఒకే పట్టీలోనా, విడివిడిగానా?

సీతమ్మధార శ్రీను:
మన వైజాగ్ బీచ్ రోడ్డులో మ్యూజియంగా పెట్టిన పాత నిఘా విమానం టీయూ-142 చూసి బయటికొచ్చే పిల్లలు అడిగేది ఒకటే, "ఇది మనవాళ్లు చేసిందేనా?" అని. కాదు, రష్యాది. 1988 నుంచి 2017 దాకా మన నేవీలో పనిచేసింది. మరి మనవాళ్లు చేసినవేవి అంటే చేతికివ్వడానికి తెలుగులో నా దగ్గర మంచి పట్టీ లేదు. అందుకే మనమే రాద్దామనుకున్నాం. నా ప్రతిపాదన ఇదీ. మొదటి భాగంలో ఫ్యాక్టరీ విమానాలు, కంపెనీల వారీగా. రెండో భాగంలో ఇంట్లోనో షెడ్డులోనో సొంతంగా కట్టుకున్నవి, మనుషుల పేర్ల వారీగా. లైసెన్సు మీద చేసిన విదేశీ డిజైన్లు చివర అనుబంధంలో. అభ్యంతరాలుంటే ఇప్పుడే చెప్పండి, అంతా రాశాక కాదు.

తగరపువలస షెడ్డు:
ఎల్‌సీఆర్‌ఏ అనే చిన్న ప్రయోగ విమానం ఏ భాగంలో? బెంగళూరులోని సర్కారు విమాన పరిశోధన ల్యాబు ఎన్‌ఏఎల్‌లో కట్టి 1987లో ఎగరేశారు. డిజైను అమెరికా బర్ట్ రుటాన్‌ది, లాంగ్-ఈజీ. ఫోము కోసి, పైన ఫైబర్ గ్లాసు పరిచి, ఎవరి గ్యారేజీలో వాళ్లు కట్టుకోమని ప్లాన్లు అమ్మిన విమానం అది. దాన్ని సర్కారు ల్యాబు కట్టింది. ఇల్లా, ఫ్యాక్టరీయా?

కంచరపాలెం రివెట్:
నెలజీతం తీసుకుని కట్టింది ఇంటి విమానం ఎలాగవుద్దండీ? ఫ్యాక్టరీలో వేసేయండి, అయిపోద్ది.
నా బాధ అనుబంధంతో. మా నాన్న ఇక్కణ్ణుంచి కాన్పూరు వెళ్లి, సర్కారు విమానాల కంపెనీ హెచ్ఏఎల్‌లో డోర్నియర్ 228 అనే చిన్న రవాణా విమానం రెక్కలకి రివెట్లు కొట్టాడు. డిజైను జర్మనీదే, కాదన్లేదు. కానీ తర్వాత్తర్వాత ఆ జర్మనీ వాళ్లే తమ కొత్త డోర్నియర్లకి రెక్కలూ ఫ్యూజిలాజూ (విమానం ఒడలు) కాన్పూరు నుంచి తెప్పించుకున్నారు. అది అనుబంధమా? మరి యుద్ధవిమానం మారుత్ గీసింది కుర్ట్ టాంక్, జర్మనీ ఆయనే. ఇంజిను ఇంగ్లండు ఆర్ఫియస్. 1961లో ఎగిరిందని దాన్ని మొదటి పేజీలో పెడతారు. తేజస్ ఇంజిను అమెరికాది. ఏటండీ ఈ లెక్క?

డెగా గేటు:
ఇప్పుడే నెత్తిమీంచి ఒక డోర్నియర్ పోయింది. అనుబంధం పోతోంది అనుకున్నా 😀

తగరపువలస షెడ్డు:
రివెట్ గారూ, నేనడిగినదానికి జవాబు అది కాదు. జీతం తీసుకుంటే ఫ్యాక్టరీ అంటున్నారు. కాన్పూరులోనే ఎయిర్‌ఫోర్స్ ఆయన హర్జీందర్ సింగ్, రిపేర్లు చేసే డిపోలో మనుషుల్ని పోగేసి కాన్పూర్-1 కట్టించాడు, 1958లో. ఆయనకీ జీతం ఉంది. కానీ ఆ డిపో పని విమానాలు బాగుచేయడం, తయారుచేయడం కాదు. మరి అదెక్కడ?

కంచరపాలెం రివెట్:
ఫ్యాక్టరీలోనే.

తగరపువలస షెడ్డు:
అంటే మీ ఫ్యాక్టరీకి గోడలు లేవన్నమాట.

ఏయూ మెకానికల్:
అన్నయ్యలూ, అమెరికాలో దీనికో పద్ధతుంది. చదువు కోసమో సరదా కోసమో కట్టుకునే మనిషి సగానికి పైగా పని తనే చేస్తే అది అమెచ్యూర్ విమానం. ఎక్కడ కట్టారన్నది కాదు, ఎవరు ఎందుకు కట్టారన్నది లెక్క. అదే పెట్టుకుంటే సరిపోదా?

తగరపువలస షెడ్డు:
తమ్ముడూ, బెంగళూరు రాజహంస కంపెనీ వాళ్ల చిన్న విమానం ఎక్స్-ఎయిర్ తీసుకో. ఇక్కడ తయారై కిట్లుగా విదేశాలకి పోయింది. కొన్నవాడు అక్కడ బిగించుకున్నాడు. ఇక్కడ అది ఫ్యాక్టరీ సరుకు, అక్కడ ఇంటి విమానం. ఒక్క విమానానికి రెండు కులాలు.

పెందుర్తి కుమార్:
తల్పాడే 1895లోనే బొంబాయిలో ఎగరేశాడు. ఆయన్ని మొదట పెట్టకపోతే ఈ జాబితా చెల్లదు.

కంచరపాలెం రివెట్:
ఇదిగో, ఇదే వస్తుందని తెలుసు నాకు. దానికి ఆనాటి నమ్మదగిన ఆధారం ఒక్కటీ లేదు. అందుకే అంటున్నా, రిజిస్ట్రేషన్ నంబరున్నదే రాద్దాం. మన పౌర విమానాలకిచ్చే వీటీ నంబరు గాని, సైన్యం నంబరు గాని. నంబరు లేకపోతే జాబితాలో చోటు లేదు. ఇల్లు, ఫ్యాక్టరీ గొడవే ఉండదు.

తగరపువలస షెడ్డు:
భలే చెప్పారు. 1910లో మద్రాసులో డి'యాంజెలిస్ అని హోటలాయన సింప్సన్ వాళ్ల బళ్ల కార్ఖానాలో బైప్లేన్ (ఒకదాని మీద ఒకటి రెండు రెక్కల విమానం) కట్టించి పల్లావరంలో ఎగిరాడు. మన వైజాగ్ కూడా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోదే. ఆరోజుల్లో నంబరే లేదు. మీ రూలుతో ఆయన పోయాడు.
అమోల్ యాదవ్ సంగతి చూడండి. బొంబాయిలో బిల్డింగు మేడమీద ఆరు సీట్ల విమానం కట్టాడు. 2016లో మేకిన్ ఇండియా ప్రదర్శనలో జనమంతా చూశారు. నంబరు 2017లో వచ్చింది. 2016లో అక్కడ నిలబెట్టింది ఏటి, బొమ్మా?

కంచరపాలెం రివెట్:
డి'యాంజెలిస్‌కి పేపర్లలో సాక్ష్యం ఉంది, ఉంచుదాం. పాతవాటికి సడలింపు. ఇప్పటివాటికి నంబరుండాలి.

సీతమ్మధార శ్రీను:
ఇద్దరూ కాస్త ఆగండి. భాగాలు తీసేసి, మొదటిసారి ఎగిరిన సంవత్సరం ప్రకారం వరసగా రాస్తే? శిక్షణ విమానం హెచ్‌టీ-2, 1951. రెండు సీట్ల హన్సా, 1993. చిన్న ప్రయాణికుల విమానం సరస్, 2004. అలా.

తగరపువలస షెడ్డు:
"మొదటిసారి ఎగిరిన" అనే మాటే వద్దు.

కంచరపాలెం రివెట్:
ఎందుకు వద్దు? సూటిగా అడుగుతున్నా. మొదట్నుంచీ మీరు ఎల్‌సీఆర్‌ఏ, కాన్పూర్-1 అంటూ చుట్టూ తిప్పుతున్నారు. అసలు గొడవ మీ షెడ్డులో ఉన్నదాని గురించి కాదా?

తగరపువలస షెడ్డు:
అవును, దాని గురించే. ఏం, తప్పా? అల్యూమినియం గొట్టాలు, టూ-స్ట్రోక్ ఇంజిను, మా ఆవిడ మిషను మీద కుట్టిన రెక్కల గుడ్డ. ఒక ఆఫీసుకి ఫైలు పెట్టాను. ఇంకో కాగితం తెమ్మన్నారు, తెచ్చాను. అది తెచ్చేసరికి పాత కాగితం గడువైపోయిందన్నారు. ఇంజిను ఆన్ చేసి రోడ్డు మీద నడిపాను, తోక లేచింది, అక్కడే ఆపేశాను. చట్టం నాకూ తెలుసు. అది గాల్లోకి లేవలేదు కాదు, లేపనివ్వలేదు. ఇప్పుడు మీ జాబితా కూడా ఆ ఆఫీసు మాటే అంటుందా?

కంచరపాలెం రివెట్:
పాపం అనిపిస్తుంది, నిజమే. కానీ ఒప్పుకోను. మా నాన్న కొట్టిన రివెట్టు వదులైతే మనుషులు పోతారు. ఇన్‌స్పెక్టరు ముద్రపడేదాకా రాత్రి నిద్రపట్టేది కాదాయనకి. ఆ భయంతో చేసిన విమానం అనుబంధంలో, ఒక్కసారీ గాల్లోకి లేవనిది అసలు పట్టీలోనా?

తగరపువలస షెడ్డు:
ఆ భయం నాకు లేదనుకున్నారా? అందులో కూర్చోవలసింది నేనేనండీ.

సిరిపురం లక్ష్మి:
లైబ్రరీలో కేటలాగు కార్డులు రాసి రిటైరైనదాన్ని, ఒక్క మాట. సొంత డబ్బుతో అచ్చేసుకున్న పుస్తకాన్ని మేం వేరే బీరువాలో పెట్టం. రచయిత ఎవరు, అచ్చేసినదెవరు, ఏ ఊరు అని కార్డు మీద రాస్తాం, అంతే. శ్రీనూ, నువ్వు ఇల్లు, ఫ్యాక్టరీ అని గీసిన ఒక్క గీత కింద చాలా ప్రశ్నలు ఇరుక్కున్నాయి నాయనా. డిజైను ఎవరిది, చేత్తో కట్టినదెవరు, అమ్మడానికా, తనకోసమా, ప్రయోగానికా. వీటికి వేరువేరు గడులు పెట్టు. అప్పుడు డోర్నియర్‌కి డిజైను జర్మనీ, కట్టింది కాన్పూరు అని ఒకే వరసలో వస్తుంది, అనుబంధం అక్కర్లేదు. ఎల్‌సీఆర్‌ఏకి ఇల్లా ఫ్యాక్టరీయా అని తేల్చక్కర్లేదు.
ఎగరనివాటి సంగతి గడులతో తేలేది కాదు. కట్టినవాళ్లని లెక్కపెడుతున్నారా, ఎగిరినవాటినా అన్నది మీరే తేల్చుకోవాలి.

ఏయూ మెకానికల్:
మేడమ్ చెప్పింది బాగుంది 👍

కంచరపాలెం రివెట్:
అనుబంధం పోతే నాకు చాలు. కానీ ఎగిరినవే.

తగరపువలస షెడ్డు:
కట్టినవన్నీ.

సీతమ్మధార శ్రీను:
లక్ష్మి మేడమ్ గడులు ఖాయం. అనుబంధం తీసేశా. తల్పాడే ఉండడు, కుమార్ గారు తిట్టుకున్నా సరే. ఎగరనివాటిపై ఓటింగు పెడతాను, ఈలోగా ఎవరి షెడ్డూ రాయను, తీయను. 1910 పల్లావరంతో మొదలుపెడుతున్నా. శిక్షణ విమానం పుష్పక్ గురించి ఎవరు రాస్తారు?

తగరపువలస షెడ్డు:
నేను రాస్తాను. ఫ్లైయింగ్ క్లబ్బుల్లో ఒక తరం నేర్చుకున్నది దాని మీదే.

కంచరపాలెం రివెట్:
రాయండి. కానీ దానికి మూలం అమెరికా ఏరోంకా చీఫ్. డిజైను గడిలో ఎవరి పేరు వేస్తారో వేసేముందు ఇక్కడ చెప్పండి.