పాత ఇజ్రాయెల్ టీవీ టేపుల్లో తుడిచేసిన రంగు తిరిగి వస్తుందా?

టేప్‌రూమ్_బెంగళూరు:
ఇజ్రాయెల్‌లో టీవీ నుంచి ఇంట్లో రికార్డు చేసుకున్న వీహెచ్ఎస్ టేపులు బెంగళూరులో మా దగ్గరికి డిజిటైజింగ్‌కి వచ్చాయి. కొన్ని నలుపు-తెలుపు. 70ల్లో అక్కడ ప్రసారంలో రంగు తుడిచేసేవారని, అయినా సిగ్నల్‌లో రంగు మిగిలే ఉండేదని చదివాను. దాన్ని బయటికి తీయొచ్చా? క్యాప్చర్‌లో అక్కడక్కడా ఇంద్రధనుస్సు మరకలు మెరుస్తున్నాయి. లేబుళ్ల మీద తేదీల్లేవు, కాలం ఎలా గుర్తుపట్టాలో కూడా చెప్పండి.

సింక్‌పల్స్:
వీహెచ్ఎస్ నుంచి రాదండి. ప్రసారంలో రంగు తుడిచిన ఆ పరికరం పేరు మెహికోన్. పాల్ (అనలాగ్ రంగు టీవీ పద్ధతి) సిగ్నల్‌లో, తెర మీది ప్రతి గీత మొదట, గీత మొదలైందని చెప్పే సింక్ పల్స్ వెనకాల, బర్స్ట్ అనే 4.43 మెగాహెర్ట్జ్ చిన్న సంకేతం సుమారు పది తరంగాలు ఉంటుంది. సెట్‌కి రంగు ఫేజ్ (తరంగం ఏ దశలో ఉందో; ఏ రంగన్నది దాన్నిబట్టే తేలుతుంది) తెలిసేది దానివల్లే. మెహికోన్ ఆ బర్స్ట్‌నే తీసేసేది. బర్స్ట్ లేదంటే సెట్‌లోని కలర్ కిల్లర్ అనే సర్క్యూట్ రంగు ఆపేస్తుంది. రంగు సెట్లు కొనగలిగినవాళ్లకీ కొనలేనివాళ్లకీ అంతరం పెరుగుతుందన్నది ప్రభుత్వం వాదన. దానికి విరుగుడుగా జనం సెట్లకి యాంటీ-మెహికోన్ అనే పరికరం పెట్టించుకున్నారు. అది బర్స్ట్‌ని సెట్ లోపలే తయారుచేసేది. సరిపోల్చుకునే ఆధారం లేక ఫేజ్ జారి రంగులు మారిపోయేవి, మాటిమాటికీ నాబ్ తిప్పాల్సి వచ్చేది.

ఇక మీ టేపులు. వీసీఆర్‌లోనూ కలర్ కిల్లర్ ఉంటుంది, బర్స్ట్ లేకపోతే రికార్డింగ్‌లోనే రంగు పోతుంది. పైగా వీహెచ్ఎస్‌లో వెలుగు సిగ్నల్ 3 మెగాహెర్ట్జ్ దగ్గరే ఆగుతుంది, 4.43 దగ్గరున్నది టేపు మీదికే ఎక్కదు. ఆ మరకలు క్యాప్చర్ కార్డులోని డీకోడర్ సిగ్నల్‌లోని నాయిస్‌ని (అనవసరపు గజిబిజిని) రంగనుకోవడం వల్ల వచ్చేవే. వెలుగునీ రంగునీ వేరువేరు తీగల్లో పంపే ఎస్-వీడియో కేబుల్ వాడి, శాచురేషన్ (రంగు గాఢత) సున్నా చేయండి.

పాల్625:
టీవీ తెరని ఫిల్మ్ మీద తీసిన కాపీ అయితే వేరే సంగతి. రంగు సిగ్నల్ వల్ల తెర మీద కనిపించే సన్నని చుక్కలు ఫిల్మ్ మీద పడి ఉంటే ఎక్కువ రిజల్యూషన్ స్కాన్‌తో పట్టుకోవచ్చు, బీబీసీ కార్యక్రమాలు కొన్ని అలా రంగుల్లోకి వచ్చాయి. అక్కడా బర్స్ట్ ఉండదు కాబట్టి ఫేజ్‌ని మనిషే సరిచూడాలి. నలుపు-తెలుపు కెమెరాతో తీసిన స్థానిక కార్యక్రమాల్లో మాత్రం వెతకడానికి ఏమీ లేదు.

అద్దంకి_కిరణ్:
కాలం గురించి: 1966లో విద్యా టీవీ, 1968 మే 2న జెరూసలేం కవాతుతో సాధారణ టీవీ మొదలయ్యాయి. రంగు ఉన్నంత మాత్రాన 80లదని తేల్చకండి. 1977 నవంబరులో ఈజిప్టు అధ్యక్షుడు సాదత్ రాక, 1979 యూరోవిజన్ పాటల పోటీ రంగుల్లోనే ప్రసారమయ్యాయి. రెండో ఛానెల్ వాణిజ్య ప్రసారం 1993 నవంబరు 4న మొదలైంది. కేషెత్, రెషెత్, తెలాద్ అనే మూడు కంపెనీలు ఆ ఛానెల్‌లో ప్రసార రోజులు పంచుకునేవి, వార్తలు మాత్రం అందరికీ ఒకే సంస్థవి. తెలాద్ 2005లో తప్పుకుంది. కాబట్టి తెర మీద ఎవరి పేరుందో రాసిపెట్టుకోండి. పదో ఛానెల్ కనిపిస్తే 2002ది లేదా ఆ తర్వాతిది.

టేప్‌రూమ్_బెంగళూరు:
ఒక టేపులో రెండో ఛానెల్ గుర్తుంది, ఈ మూడు పేర్లలో ఒక్కటీ లేదు.

అద్దంకి_కిరణ్:
1986 నుంచి నడిచిన ప్రయోగాత్మక ప్రసారం కావచ్చు. దాన్ని ముందు క్యాప్చర్ చేయండి. మన దగ్గరలాగే 625 గీతల పాల్ కాబట్టి ఇక్కడి వీసీఆర్ చాలు. 720×576, సెకనుకు 50 ఫీల్డులు, నాణ్యత పోకుండా కుదించే హఫ్‌వైయూవీ ఫార్మాట్‌లో గంటకి 35 జీబీ పైనే పడుతుంది. టేపు సిగ్నల్ టైమింగ్ సరిచేసే టైమ్ బేస్ కరెక్టర్ లేకపోతే నిలువు గీతలు వంకర్లు పోతాయి. డీఇంటర్‌లేస్ (ఫీల్డులని కలిపి పూర్తి ఫ్రేములుగా మార్చడం) చేసేది చూడటానికి ఇచ్చే కాపీకే, మాస్టర్‌ని (అసలు క్యాప్చర్ ఫైలుని) ముట్టుకోవద్దు.