భూసేకరణలో జాలరి సమ్మతి లెక్కలోకి రావాలా, వద్దా?

లా విద్యార్థి, విజయనగరం:
రేవు కట్టాలన్నా, ఫ్యాక్టరీ పెట్టాలన్నా భూమి కోసం వందలమందితో బేరమాడాలి. చివరి నలుగురు భీష్మించుకుంటే పనంతా ఆగుతుంది. హక్కుకి ముఖ్యంగా రెండు రకాల రక్షణ ఉంటుందని అమెరికా న్యాయశాస్త్ర రచయితలు కాలబ్రేసి, మెలమెడ్ 1972లోనే చెప్పారు. ఒకటి, యజమాని ఒప్పుకుంటేనే తీసుకోవడం. రెండోది, నిర్ణయించిన ధర చెల్లించి తీసుకోవడం. 1978లో రాజ్యాంగ 44వ సవరణతో ఆస్తి ప్రాథమిక హక్కు కాకుండా పోయింది. 2013 భూసేకరణ చట్టం పల్లెల్లో మార్కెట్ విలువకి 4 రెట్ల దాకా ఇస్తోంది. ఇంకా సమ్మతి ఎందుకు?

దస్తావేజు లేఖరి, పలాస:
ఏ మార్కెట్ విలువ బాబూ? స్టాంపు ఖర్చు తగ్గుతుందని దస్తావేజులో తక్కువ రాయిస్తారు. రేపు పరిహారం కట్టేది ఎక్కువగా ఆ అంకెలనిబట్టే. మొదలే తక్కువైతే ఎన్ని రెట్లు వేసి ఏం లాభం?

బీల రైతు, సోంపేట:
తమ్ముడూ, ధర తర్వాత. హక్కు ఎవరిదో ముందు చూడు. మా బీల (చిత్తడి నేల) నీళ్లు పొలాలకి పారుతాయి, జాలర్లు వేట చేస్తారు, పశువులు మేస్తాయి. ఇలా బతికేవాళ్లలో చాలామందికి పట్టా లేదు. అక్కడ థర్మల్ కేంద్రం వద్దన్నందుకు 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో మా మనుషులు పోయారు.

2013 చట్టం జాలరినీ కౌలురైతునీ బాధిత కుటుంబమనే అంది, పునరావాసమూ రాసింది. కానీ ప్రైవేటు కంపెనీకి కావలసిన 80 శాతం సమ్మతిలో లెక్కపెట్టేది భూమి పోయేవాళ్లనీ, ప్రభుత్వం భూమి ఇచ్చినవాళ్లనీ మాత్రమే. జాలరి వద్దన్నా ఆ లెక్క మారదు.

లా విద్యార్థి:
ధర విషయంలో లేఖరి గారి మాట ఒప్పుకుంటున్నాను. కానీ అందరినీ కలిపితే బేరం తెమలదు కదండీ?

బీల రైతు:
80 శాతం అన్నది అందుకే కదా! మిగతా 20 శాతం ఆపలేరు. బేరానికి ఖర్చు లేకపోతే హక్కు మొదట ఎవరికిచ్చినా ఒకటేనని ఆర్థికవేత్త కోస్ 1960లో చూపించాడు. ఖర్చుంటే మాత్రం చట్టం ఎవరికిచ్చిందో దాన్నిబట్టే అంతా తేలుతుంది. జాలరి హక్కుని సున్నా చేస్తే, అతని నష్టం కంపెనీ ఖర్చులో కనపడదు. అందుకే బీల లాంటి చోటు చవగ్గా కనిపిస్తుంది. చవక కాదది, ఆ ఖర్చు జాలరి ఇంట్లో పడుతోంది.

భూమి తీసుకునే ముందు చేసే సామాజిక ప్రభావ అంచనాలో బాధిత కుటుంబాల లెక్క ఎలాగూ తీస్తారు. సమ్మతికీ ఆ జాబితానే వాడమంటున్నాను.