టెక్సాస్‌లో బిల్డర్లకు ఇష్టమైతేనే లైసెన్స్: ఖర్చు ఎవరి మీద పడుతుంది?

కొత్త ఇల్లు చూస్తున్నవారు:
టెక్సాస్‌లో ఎలక్ట్రీషియన్, ప్లంబర్, ఏసీ కాంట్రాక్టర్ అందరికీ స్టేట్ లైసెన్స్ ఉండాలి. ఇల్లు మొత్తం కట్టే బిల్డర్‌కు మాత్రం అక్కర్లేదు. కావాలనుకున్న బిల్డర్లే తీసుకునేలా స్టేట్ ఒక లైసెన్స్ పెడితే కొనేవాళ్లకు మేలేనా? ఫీజు బిల్డర్లే కడతారు కాబట్టి ప్రజలకు ఖర్చు లేదని మా ఏజెంట్ అంటున్నారు.

హోమ్ ఇన్‌స్పెక్టర్:
ఆ లెక్క నిలవదండీ. లైసెన్స్ అంటే కార్డు అచ్చేసి ఇవ్వడంతో అయిపోదు. పరీక్ష పెట్టాలి, ఇన్సూరెన్స్ ఉందో లేదో చూడాలి, ఫిర్యాదులు విచారించాలి, రద్దు చేస్తే బిల్డర్ కోర్టుకెళ్తాడు కాబట్టి లాయర్లను పెట్టుకోవాలి. కొద్దిమందే చేరినా ఈ ఖర్చులో చాలా భాగం తప్పదు. ఫీజు పెంచితే ఆ కొద్దిమందీ మానేస్తారు. అప్పుడు లోటును పన్నుల డబ్బుతో పూడ్చాలి, లేదా విచారణలు ఆపేయాలి.

నాకు రెండోదే ఎక్కువ భయం. స్టేట్ ముద్ర ఉంది కదా అని జనం సొంత ఇన్‌స్పెక్షన్ మానేస్తారు. పునాది పాడుచేసేవాడు ఈ లైసెన్స్ జోలికే రాడు. ఒకవేళ వచ్చినా, రద్దు చేసిన మర్నాడు లైసెన్స్ లేకుండానే ఇంకో ఇల్లు మొదలుపెట్టుకోవచ్చు. దానికి లైసెన్సింగ్ బోర్డు ఎందుకు?

చిన్న బిల్డర్:
తప్పనిసరి చేస్తే పెద్ద కంపెనీలు తట్టుకుంటాయి, మాలాంటివాళ్లం పోతాం, ధరలు పెరుగుతాయి. ఇష్టమైతేనే అంటే మంచి పని చేసేవాడికి అదొక గుర్తింపు. అయినా టీఆర్‌సీసీ పెట్టి ఏం సాధించారు సార్?

హోమ్ ఇన్‌స్పెక్టర్:
తెలియనివాళ్ల కోసం చెప్తున్నా: టీఆర్‌సీసీ అంటే 2003లో పెట్టిన టెక్సాస్ రెసిడెన్షియల్ కన్‌స్ట్రక్షన్ కమిషన్. బిల్డర్లు రిజిస్టర్ చేసుకోవాలి, కానీ పనితనానికి పరీక్ష లేదు. ఇంటి ఓనర్ కోర్టుకు వెళ్లే ముందు కమిషన్ ప్రక్రియ దాటి రావాలి. 2008లో సన్‌సెట్ కమిషన్ (స్టేట్ సంస్థలను ఉంచాలా తీసేయాలా అని సమీక్షించే సంస్థ) సిబ్బందే దాన్ని ఎత్తేయమన్నారు, 2009లో శాసనసభ కొనసాగించలేదు. అది దెబ్బతిన్నది తప్పనిసరి అయినందుకు కాదు, పేరు తప్ప పట్టు లేనందుకు. ఇష్టమైతేనే అన్న లైసెన్స్‌కు ఆ పట్టు ఇంకా తక్కువ.

మీ ధరల బాధ మాత్రం నిజమే, దాన్ని కొట్టిపారేయను. పరీక్ష ఫీజు తక్కువగా పెట్టి, మిగతాది కట్టే ప్రతి ఇంటి మీదా కొంత చొప్పున తీసుకుంటే చిన్నవాళ్ల మీద భారం తగ్గుతుంది. ఫ్లోరిడాలో లైసెన్స్ తప్పనిసరి, నష్టపోయిన ఓనర్ల కోసం రికవరీ ఫండ్ కూడా ఉంది.

కొత్త ఇల్లు చూస్తున్నవారు:
ఈలోగా మాలాంటివాళ్లం ఏం చేయాలి?

హోమ్ ఇన్‌స్పెక్టర్:
కాంక్రీట్ పోయకముందు ఒకసారి, డ్రైవాల్ (గోడల మీద బిగించే జిప్సం పలకలు) వేయకముందు ఒకసారి, తాళాలు తీసుకోకముందు ఒకసారి సొంత ఇన్‌స్పెక్టర్‌తో చూపించండి. కాంట్రాక్టులో ఆర్బిట్రేషన్ క్లాజ్, అంటే గొడవ వస్తే కోర్టుకు కాక మధ్యవర్తి దగ్గరికే వెళ్లాలన్న షరతు, ఉందేమో సంతకానికి ముందే చదవండి. లోపం బయటపడితే, కేసు వేయడానికి 60 రోజుల ముందు బిల్డర్‌కు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి.

చిన్న బిల్డర్:
ఇంటికింత అని పర్మిట్‌తో పాటు తీసుకుంటే నాకు అభ్యంతరం లేదు. కానీ సిటీ పరిధి బయట, బిల్డింగ్ పర్మిట్ అడిగేవాడే లేని చోట, ఆ డబ్బు ఎవరు వసూలు చేస్తారు?