గద్వాల కోట గల్లీలల్ల పాత ఇండ్లు కూలగొట్టాల్నా, బాగుచేసి మగ్గపోళ్లకు కిరాయికియ్యాల్నా?

నడిగడ్డ పోరడు:
మా తాత ఇంటిముంగట నాలుగు పాత ఇండ్లు ఏండ్లసంది తాళాలేసి ఉన్నయి, డంగుసున్నం గోడలు, టేకు దూలాలు, చెక్కిన దర్వాజలు, ఓనర్లేమో హైదరాబాద్‌ల సెటిలయిన్రు. అదే గల్లీల చీరెలు నేసేటోళ్లు కిరాయిండ్ల కోసం తిరుగుతున్నరు. ఇవి బాగుచేసి తక్కువ కిరాయికి వాళ్లకిస్తే పాత ఊర్ల మళ్ల మనుషుల సందడి ఉంటదని నా మాట. మీరేమంటరు?

పాలమూరు సీను:
తమ్మి, మనసు మంచిదే గానీ లెక్క చూడు. పేదోళ్లకిచ్చే డబుల్ బెడ్రూం ఇల్లు 560 చదరపు ఫీట్లు, టౌన్ల 5.30 లక్షలని 2015ల సర్కారు రేటు కట్టింది, కొత్తిల్లయితే ఖర్చు ముందుగాలనే తెలుస్తది. పాత ఇల్లు ఇప్పితేగానీ ఖర్చు ఎంతో తెల్వదు. వానకాలం వస్తే మట్టి మిద్దెలు కూలి ప్రాణాలు పోతున్నయి, అండ్ల పేదోళ్లను పెట్టుడు నాకైతే భయమే.

మేస్త్రీ బిడ్డ:
సీనన్నా, కూలేది ఎందుకో జెర చూడండి. ఏటా కారుతుందని పాతది తియ్యకుంట మీద మీద చౌడు మట్టి పోస్తరు, బరువు పెరుగుతది, లోపల మిద్దెను మోసే దంతెలను, అంటే అడ్డకట్టెలను, చెదలు తిని ఉంటయి, ఒక్క ముసురుకు కూసుంటది. పాత చౌడంత దింపి, చెడిన కట్టె మార్చి, సున్నం గోడకు సున్నమే కొడితే నిలుస్తది. సున్నం గోడ మీద సిమెంటు కొట్టిన్రంటే లోపలి చెమ్మ బయటికి పోక గోడ లోపల్నే పాడయితది, మా నాయిన ఇదే మొత్తుకునేటోడు. అన్ని ఇండ్లు నిలబెట్టచ్చని నేననను, పునాది కుంగినయి కూలగొట్టుడే.

గుంటమగ్గం:
ఒక్క సంగతి ఎవ్వరు అంటలేరు. మాది గుంట మగ్గం, కాళ్లు పెట్టనీకి భూమిల గుంట తవ్వాలె. మూడో అంతస్తుల ఫ్లాటిస్తే గుంట యాడ తవ్వాలె అన్నా? ఇల్లొచ్చిందని సంబురపడి పోతే మగ్గం పోతది. మాకు కింది ఇల్లే కావాలె, వెలుతురొచ్చే పడసాల కావాలె, అది పాతిండ్లల్లనే ఉన్నది.

పాలమూరు సీను:
ఇది నేను ఆలోచించలే, ఒప్పుకుంట. కానీ ఒక్కో ఇంటికి పదిమంది భాగస్థులు, ఎవరు సంతకం పెడ్తరు? బాగుపడ్డంక ఓనరు కిరాయి పెంచి ఎల్లగొట్టడా?

నడిగడ్డ పోరడు:
అందుకే కొనుడు వద్దు, మున్సిపాలిటీ ఇరవై ఏండ్ల లీజుకు తీస్కోవాలె, కిరాయి ఎంతనేది కాయితంల ముందే రాయాలె. ఇటలీల బొలోన్యా అనే ఊర్ల 1973ల పాత బస్తీ ఇండ్లు బాగుచేసి అక్కడున్న పేదోళ్లనే అక్కడ ఉంచాలని ప్లాన్ చేసిన్రు, కొత్త మాటేం కాదు. మన దగ్గర చూడు, వనపర్తి ప్యాలెస్‌ల పాలిటెక్నిక్ పెట్టిన్రు కాబట్టే ఆ గోడల దిక్కు ఎవరో ఒకరు చూస్తున్నరు. మా గల్లీ ఓనర్లల్ల ఇద్దరి నంబర్లున్నయి, ఐతారం మాట్లాడి వాళ్లేమన్నరో ఇక్కడే పెడ్త. మేస్త్రీ బిడ్డా, మీ నాయినతోని పనిచేసిన సున్నపోళ్లు ఎవరన్న ఇంకా ఉన్నరా?